గూడెం వాళ్ళ కప్పులు

డిసెంబరు నెలాఖరుకు యూనివర్సిటీ పోటీలు అయిపోయేవి. వాటిలో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గెలిచినవాళ్ళలోనూ ఉండేది కాదు, చిత్తుగా ఓడినవాళ్ళలోనూ ఉండేది కాదు. మాకు అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చేది. జనవరి అంతా మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇన్విటేషన్ టోర్నమెంట్లు జరిగేవి. పిలుపు వస్తేనే వెళ్ళి ఆడాలి. ఏ ఊరు పిలిచిందన్నదాన్ని బట్టి ఆ ఏడు ఆ జట్టు విలువ ఎంతో లోకానికి తెలిసిపోయేది. దెందులూరు వాళ్ళు పిలిస్తే, పోనీలే, మనల్ని మరిచిపోలేదు అనుకునేవాళ్ళం. కలిదిండి వాళ్ళు పిలిస్తే కాస్త తలెత్తుకునేవాళ్ళం. కైకలూరు పిలుపు మాత్రం వేరు. అక్కడి చేపల వ్యాపారులు నడిపే టోర్నమెంటు అది. మైక్ సెట్టు, షామియానా, మూడు రోజులూ జట్లకు చేపల పులుసుతో భోజనాలు, జిల్లా పేపర్లో ఫోటో. గెలిచిన జట్టుకు మోకాలెత్తు వెండిరంగు కప్పు.

ఆ కప్పు తాడేపల్లిగూడెం వాళ్ళది. నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ వాళ్ళదే.

మా నాన్న ఏలూరులో మా కాలేజీకి పి.డి. పిల్లలకు ఆటలు నేర్పడం, గ్రౌండు చూసుకోవడం ఆయన ఉద్యోగం. వాలీబాల్, కబడ్డీ, అన్నీ చూసేవారు గాని ఆయన ప్రాణం ఫుట్‌బాల్ మీదే ఉండేది. నేను ఆయనకు ఒక్కతే కూతుర్ని. నడక వచ్చినప్పటినుంచి ఆ గ్రౌండు గట్టునే పెరిగాను. అదే కాలేజీలో బి.ఎస్సీ.లో చేరాక, క్లాసులు అవగానే సైకిల్ స్టాండు దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చుని ప్రాక్టీసు చూడటం నా దినచర్య. నాతో చదివే ఆడపిల్లలు సినిమా హీరోల గురించి మాట్లాడుకుంటుంటే, నేను మా లెఫ్ట్ బ్యాక్ ఎందుకు ముందుకు పోయి వెనక్కి రావడం మరిచిపోతాడో ఆలోచించేదాన్ని. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని మా అమ్మ పక్కన నిలబడి, ఈసారైనా కైకలూరు నుంచి పిలుపు వచ్చేలా చూడు తండ్రీ అని వేడుకున్న రోజులున్నాయి.

గూడెం జట్టు గెలవడం కంటే, ఆ జట్టును ఎవరు తయారుచేశారన్నదే నన్ను ఎక్కువ కాల్చేది. వాళ్ళ పి.డి. మా నాన్న దగ్గర చదువుకున్న శిష్యుడే. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి మా కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. హాస్టల్ తిండి చాలదని నాన్న ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చేవారు. అప్పుడు నేను రెండో తరగతో, మూడో తరగతో. మా ఇంట్లో ఆదివారం గుడ్ల కూర. నా పళ్ళెంలో ఒక గుడ్డు, ఆయన పళ్ళెంలో రెండు. నాకూ ఇంకొకటి కావాలని ఏడిస్తే నాన్న నవ్వి, "అన్నయ్య పరిగెత్తాలి కదమ్మా" అన్నారు. నేనూ పరిగెత్తుతానని ఆ మధ్యాహ్నం ఎండలో వీధి చివరిదాకా పరిగెత్తి వచ్చాను. ఎవరూ చూడలేదు.

ఆయన చదువు అయ్యాక వ్యాయామ విద్యలో శిక్షణ పొంది గూడెంలో ఓ కాలేజీలో పి.డి.గా చేరాడు. కొన్నాళ్ళకే ఆ ఊరి జట్టు పేరు వినిపించడం మొదలైంది. నేను డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా వాళ్ళు కైకలూరు కప్పు గెలిచారు. ఆ ఏడు మమ్మల్ని దెందులూరు వాళ్ళు పిలిచారు. హైవే పక్క మైదానంలో లారీల హోరులో ఆడి, మొదటి రోజే ఓడి, చీకటి పడకముందే ఇంటికొచ్చేశాం.

మర్నాడు సాయంత్రం మా ఇంటి ముందు ఆటో ఆగింది. గూడెం పి.డి. దిగాడు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఆ కప్పును పట్టుకుని లోపలికి వచ్చి, నాన్న కుర్చీ ముందు నేల మీద పెట్టి, కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"ఇది మీదేనండి మాస్టారూ. నేను మోసుకొచ్చానంతే" అన్నాడు.

నాన్న మొహం వెలిగిపోయింది. దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, చేతి రుమాలుతో అంచు తుడిచి, ఫైనల్ ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పమన్నారు. ఆయన టీపాయ్ మీద అగ్గిపుల్లలు పేర్చి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, బంతి ఎలా వచ్చిందో చూపించాడు. బంతి నేల మీదే ఉండాలి, గాల్లోకి లేపితే అది అవతలివాడి సొత్తు అన్నది మా నాన్న పాఠం. ఆ పాఠమే అగ్గిపుల్లల్లో కనిపిస్తోంది. మా కుర్రాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కని పాఠం వాళ్ళకు ఎలా ఎక్కిందో నాకు అర్థం కాలేదు. టీ తెచ్చి ఇస్తుంటే ఆయన నన్ను చూసి, "చెల్లెమ్మా, మీ ఏలూరు వాళ్ళు ఈసారి బాగానే ఆడారటగా" అన్నాడు. మంచి మాటే. కానీ మొదటి రోజే ఓడినవాళ్ళతో ఎవరైనా ఆ మాటే అంటారు. పైగా నాకు అన్నలు లేరు. నేను ట్రే తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ టీలో నేను చక్కెర వెయ్యలేదు. ఆయన మొత్తం తాగి, చాలా బాగుందని అమ్మతో చెప్పి, కప్పు మళ్ళీ ఎత్తుకుని వెళ్ళాడు.

రెండో ఏడు మమ్మల్ని కలిదిండి వాళ్ళు పిలిచారు. చేపలు పట్టేసి ఎండగట్టిన చెరువులో గ్రౌండు వేశారు. అడుగు వేస్తే మెత్తగా దిగుతోంది. చుట్టూ గట్ల మీద జనం. నాన్నతో కలిసి నేనూ వెళ్ళాను. సెమీ ఫైనల్ దాకా వచ్చి, టై బ్రేకర్లో ఓడిపోయాం. మాకు బురద బట్టలు మిగిలాయి. ఆ వారమే గూడెం వాళ్ళకు కైకలూరులో రెండో కప్పు వచ్చింది. మళ్ళీ ఆటో, మళ్ళీ కాళ్ళకు దణ్ణం, మళ్ళీ అగ్గిపుల్లలు. మూడో ఏడు మమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఆయన మాత్రం మూడో కప్పుతో వచ్చాడు. ఈసారి జట్టులో నలుగురైదుగురు కుర్రాళ్ళను కూడా వెంట తెచ్చాడు. పసుపు రంగు జెర్సీలతో మా వరండా నిండిపోయింది. నాన్న వాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళ గోల్ కీపర్ అరచేతులు తిప్పి చూస్తూ, ఇలాంటి చేతులు మా కుర్రాళ్ళలో ఒక్కడికి ఉన్నా బాగుండేదిరా అన్నారు. మా గోల్ కీపర్ మా వీధివాడే. ఆ మాట అతని చెవిన పడకూడదని నేను ఆ సాయంత్రమంతా భయపడ్డాను.

ఆ రోజు వాళ్ళు వెళ్ళాక నాన్నను అడిగాను. "మీకు కుళ్ళుగా ఉండదా నాన్నా?"

నాన్నకు ప్రశ్న అర్థం కాలేదు. ఎందుకుంటుందమ్మా, వాడు మనవాడే కదా అన్నారు. ఆయనకు లేనిదంతా నాకే వచ్చిందేమో. గూడెం స్టేషనులో రైలు ఆగితే అటువైపు కిటికీ మూసేదాన్ని. ఉల్లిపాయలు గూడెం మార్కెట్ నుంచి వస్తాయని, అమ్మ కొనుక్కొచ్చిన ఉల్లిపాయల్లో కుళ్ళినవి ఏరుతూ, ఇవీ మీ శిష్యుడు పంపినవేనా అనేదాన్ని. అమ్మకు నవ్వొచ్చేది. నాకు వచ్చేది కాదు.

ఆ వేసవిలో కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు లోపల తవ్విన చెరువులన్నీ తీసేయాలని ప్రభుత్వం యంత్రాలు దింపింది. చేపలతో బతికిన ఊళ్ళు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలు, మేత దుకాణాలు సగం మూతపడ్డాయని చెప్పుకున్నారు. గూడెం పి.డి. వాళ్ళ అన్నగారి చెరువు కూడా పోయింది. ఆ కబురు తెలిసిన రోజు నాకూ మనసు చివుక్కుమంది. ఎంత కాదనుకున్నా ఆయన మా ఇంట్లో తిన్న మనిషి. కానీ ఆ జాలి ఎక్కువ కాలం నిలవలేదు. నాకు బి.ఎడ్. కౌన్సెలింగు ఉన్న రోజునే నాన్న వాళ్ళను పరామర్శించడానికి లంకకు పడవెక్కి వెళ్ళారు. నువ్వు తెలివైనదానివి, అమ్మ వస్తుందిగా అన్నారు. అమ్మా నేనూ వెళ్ళాం. ఏలూరులోనే సీటు వచ్చింది. సాయంత్రం నాన్న బురద కాళ్ళతో తిరిగొచ్చి, సీటు సంగతి అడగడానికి ముందు, వాళ్ళ అన్నయ్య అన్నం ముట్టడం లేదట అని అమ్మతో చెప్పారు. నేను వేరే గదిలోకి వెళ్ళిపోయాను.

నాన్నకు అది ఆఖరి విద్యాసంవత్సరం. మే నెలలో రిటైర్మెంటు. నేను కాలేజీ మారినా సాయంత్రాలు పాత సిమెంటు దిమ్మ దగ్గరికే వచ్చేదాన్ని. ఆ ఏడు జట్టు కొంచెం కుదురుకుంది. లెఫ్ట్ బ్యాక్ వెనక్కి రావడం నేర్చుకున్నాడు. గోల్ కీపర్ రోజూ గోడకు బంతి కొట్టి పట్టుకునేవాడు. అయినా కైకలూరు మీద ఆశ లేదు. అసలు టోర్నమెంటు జరగదనే అందరూ అనుకున్నారు. జనవరిలో ఒక రోజు మా కాలేజీ ఆఫీసుకు కైకలూరు నుంచి ఫోను వచ్చింది. జరుపుతున్నాం, మీరు రావాలి అన్నారు. నాన్న ఆ మాట ఇంట్లో చాలా మామూలుగా చెప్పి, చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుని మళ్ళీ కాలేజీకి వెళ్ళిపోయారు. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏలూరు నుంచి కైకలూరు బస్సు కొల్లేటి మధ్యగా వెళ్తుంది. ఇంతకుముందు ఆ దారిలో రెండు వైపులా గట్లు, గట్ల మీద కాపలా గుడిసెలు, వ్యాన్లు. ఈసారి తెగిన గట్ల మధ్య నీళ్ళు ఏకమై, చూపు ఆనినంత మేర పరుచుకుని ఉన్నాయి. పక్షులు చాలా వచ్చాయి. కుర్రాళ్ళు ఎవరూ పాటలు పాడలేదు.

గ్రౌండులో షామియానా ఒకటే ఉంది. ఎనిమిది జట్లు ఆడే చోట నాలుగింటినే పిలిచారు. రెండు రోజుల్లో ముగించేస్తారట. భోజనంలో పులుసు లేదు, సాంబారు పెట్టారు. అన్నం వడ్డిస్తున్న కమిటీ పెద్దాయన, చేపల వ్యాపారే, నాన్న ఎవరో తెలుసుకుని చాలా మర్యాద చేశారు. నాన్న చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నాతో, "మీ నాన్నగారికి ఇది ఆఖరి ఏడటగా అండి. గూడెం పి.డి. గారు మా ఇంటికి రెండుసార్లొచ్చి మరీ చెప్పారండి, మా మాస్టారి జట్టుని పిలవాలండీ అని. ఆయన మాట కాదనలేకపోయామండి" అన్నారు.

నేను విస్తరి మడిచేశాను. మా ఆట చూసి పిలిచారనుకున్నాను. లెఫ్ట్ బ్యాక్ గురించి, గోల్ కీపర్ గురించి ఎవరో ఇక్కడిదాకా మోసుకొచ్చి చెప్పుంటారని ఊహించుకున్నాను. ఆ పిలుపు కూడా ఆయన పెట్టిన భిక్షేనా అనిపించింది. నాన్నకు ఈ సంగతి చెప్పలేదు. ఆయనకు తెలిస్తే సంతోషిస్తారు. ఆ సంతోషం చూడటం నా వల్ల కాదు.

మొదటి రోజు మేము భీమవరం నుంచి వచ్చిన జట్టును ఓడించాం. గూడెం వాళ్ళు ఇంకో జట్టును ఓడించారు. రెండో రోజు మధ్యాహ్నం ఫైనల్. పసుపు జెర్సీలు ఒక పక్క, మా నీలం జెర్సీలు ఒక పక్క. గూడెం పి.డి. ఆట మొదలయ్యేముందు మా వైపు వచ్చి నాన్నకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. మొదటి సగమంతా వాళ్ళదే. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ మా వాళ్ళ మధ్యనుంచి చీరలో దారంలా దూసుకుపోతున్నాడు. మా గోల్ కీపర్ ఎలా ఆపాడో తెలియదు, పడి లేచి పడి లేచి అన్నీ ఆపాడు. రెండో సగం మొదలయ్యేసరికి ఆ సెంటర్ ఫార్వర్డ్ కనిపించలేదు. అతని బదులు ఎవరో సన్నటి కుర్రాడు దిగాడు. మా వాళ్ళకు ఊపిరి ఆడింది. ఆట చివరికొచ్చాక మాకు కార్నర్ కిక్ దొరికింది. ఆ బంతి ఎవరి తలకో తగిలి, నేల మీద పడి, మా లెఫ్ట్ బ్యాక్ కాలి దగ్గరికి దొర్లింది. వాడు అక్కడ ఉండాల్సినవాడు కాదు. ముందుకొచ్చి వెనక్కి పోవడం మళ్ళీ మరిచిపోయాడు. మెల్లగా తోశాడు. గోలు.

కాసేపటికి విజిల్ వేశారు. మేము గెలిచాం.

కుర్రాళ్ళంతా గ్రౌండులోకి పరిగెత్తారు. నేను నాన్న దగ్గరికి పరిగెత్తాను. నేను చేరేలోపే గూడెం పి.డి. అక్కడికి వచ్చేశాడు. నాన్నను నడుం పట్టుకుని అమాంతం భుజాల మీదికి ఎత్తేశాడు. ఏడుస్తున్నాడు. ఓడినందుకు కాదు. పేపర్ ఫోటోగ్రాఫరు చకచకా ఫోటోలు తీశాడు. నేను కింద నిలబడి నాన్న చెప్పులు అందుకున్నాను, ఒకటి జారి పడింది.

అయినా మమ్మల్ని కావాలనే గెలిపించారేమోనన్న అనుమానం నన్ను వదల్లేదు. జనం పలచబడ్డాక ఆయన్ని షామియానా గుంజ దగ్గర ఆపి అడిగాను. "మీ సెంటర్ ఫార్వర్డ్‌ని ఎందుకు బయటికి తీసేశారు?"

ఆయన నా వైపు చూసి, నేను ఏం అడుగుతున్నానో అర్థమై, మొహం గంభీరంగా పెట్టాడు.

"ఆటలో నేనలాంటి పని చేస్తే మాస్టారు నా మొహం చూస్తారా చెల్లెమ్మా?" అన్నాడు. "రా, చూపిస్తా."

వెనక చాప మీద ఆ కుర్రాడు కాలు చాపుకుని పడుకుని ఉన్నాడు. మోకాలు కొబ్బరికాయంత వాచి, మీద తడిగుడ్డ చుట్టి ఉంది. నేను వంగి గుడ్డ ఎత్తి మరీ చూశాను. ఆ కుర్రాడు సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకున్నాడు. అంత వాపు చూసి సంతోషించినవాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉంటారో లేదో. నొప్పిగా ఉందా అని అడిగాను. ఉందండి అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

కప్పు ఇచ్చినప్పుడు మళ్ళీ నా మనసు పాడైంది. మోకాలెత్తు కప్పు కాదది. ఆ ఏడు వ్యాపారాలు లేక చిన్నది చేయించారు. నీళ్ళు తాగే గ్లాసుకు రెండు చెవులు అతికించినట్టుంది. నాన్న దాన్ని ఒక్క చేత్తో పట్టుకున్నారు. గూడెం వాళ్ళ మూడు కప్పులూ వాళ్ళ కాలేజీ అద్దాల బీరువాలో నిలబడి ఉంటాయని, వాటి పక్కన పెడితే మాది పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంటుందని బస్సులో దారంతా అనుకుంటూనే ఉన్నాను. మర్నాడు జిల్లా పేపర్లో ఫోటో వచ్చింది. గూడెం పి.డి. భుజాల మీద మా నాన్న. కింద మా జట్టు పేరు వేశారు గాని, ఫోటోలో కనిపించేవన్నీ పసుపు జెర్సీలే. అమ్మ దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించింది. ఎవరు మా ఇంటికొచ్చినా ముందు ఆయన్ని చూసి, ఈయన మీ అబ్బాయాండీ అని అడిగేవారు. అమ్మ అవునూ కాదూ అనకుండా నవ్వేది.

మే నెలలో నాన్న రిటైరయ్యారు. ఆ ఉద్యోగంలోకి కాలేజీ ఎవరినీ తీసుకోలేదు. రెండేళ్ళకు గ్రౌండులో గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. ఫుట్‌బాల్ జట్టు అంటూ లేకుండా పోయింది. మా గోల్ కీపర్ మోటారు మెకానిక్కయ్యాడు. ఓడినా సరే, పిలవకపోయినా సరే, కుళ్ళుకోవడానికైనా మనకంటూ ఓ జట్టు ఉండాలని అప్పుడు తెలిసింది. గూడెం జట్టుకేం, అది నిక్షేపంలా ఉంది. వాళ్ళ పి.డి. మళ్ళీ ఆటోలో వచ్చి, చిన్న పిల్లలకు నేర్పడానికి వారానికి రెండు రోజులు రండి మాస్టారూ అని అడిగాడు. వద్దని నేను చెప్పాను. ఎండలో ప్రయాణం, ఈ వయసులో ఎందుకు అన్నాను. నాన్న తలూపి, మర్నాడే పొద్దుటి పాసింజరుకు విజిల్ మెడలో వేసుకుని బయల్దేరారు.

నాకు దెందులూరు దగ్గర స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. నాన్నా నేనూ వారానికి ఆ రెండు రోజులూ ఒకే వేళకు ఇల్లు కదిలేవాళ్ళం, నేను బస్సుకు, ఆయన రైలుకు. ఆయన ఒళ్ళు గట్టిపడింది, మాట హుషారెక్కింది. గూడెం కుర్రాళ్ళ పేర్లు భోజనాల దగ్గర మా ఇంటి పిల్లల పేర్లలా దొర్లేవి. నేను వింటూ పప్పులో నెయ్యి వేసుకునేదాన్ని.

కైకలూరు టోర్నమెంటు మెల్లగా కోలుకుంది. ప్రతి జనవరిలోనూ స్టాఫ్ రూములో జిల్లా పేపరు నేనే ముందు తీసుకుని ఆటల మూల చూసేదాన్ని. ఒక ఏడు గూడెం వాళ్ళు ఫైనల్లో ఓడిపోయారని ఉంది. రెండుసార్లు చదివాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాన్న వరండాలో విజిల్ పట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నారు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. నేను మాత్రం రెండోసారి వడ్డించుకున్నాను.